పాత కమాండర్ జీపుకి పవర్ స్టీరింగ్ వేశాక గట్టిగా ఉంటే: పంపు మార్చే ముందు డ్రాగ్ లింకు విప్పండి

బాబూ, పంపు ఇప్పుడే మార్చకండి. ముందు మీరు రాసిన లక్షణాలు మళ్లీ ఒకసారి వరసగా పెడతాను, ఎందుకంటే జవాబు వాటిలోనే ఉంది.

బండి 1994 మోడల్ కమాండర్, ప్యూజో డీజిల్ ఇంజను, టూవీల్ డ్రైవు. రాయగడలో ఉంటారు, పార్వతీపురం వైపు నుంచి మజ్జిగౌరమ్మ దర్శనానికి వచ్చేవాళ్లని తిప్పుతారు. నాన్నగారికి భుజం నొప్పని పాత బొలేరో నుంచి తీసిన స్టీరింగ్ బాక్సు, పంపు, ఆయిల్ డబ్బా కొని వేయించారు. బండి నిలబెట్టి తిప్పితే రెండు చేతులూ కావాలి. యాక్సిలరేటర్ కాస్త తొక్కితే తేలికవుతుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటది వెనక్కి రాదు, చేత్తో లాగాలి. డబ్బా మూత తీస్తే ఆయిల్ మీద నురగ. మిస్త్రీ పంపు పోయిందంటున్నాడు. చివర్లో మీ బావగారి మారుతి 800కి వేసిన ఎలక్ట్రిక్ స్టీరింగ్ గురించి కూడా అడిగారు, దాని సంగతి తర్వాత చెప్తాను.

నాకు సిమిలిగుడలో షెడ్డు ఉంది. సాలూరు నుంచి సుంకి ఘాటీ ఎక్కి కొరాపుట్ వెళ్లే రోడ్డు మీద. జీపుల ముందు యాక్సిళ్ల కింద పడుకునే నా వయసంతా గడిచింది. ఆ అనుభవంతో చెప్తున్నాను, మీ బండికి ఉన్నది ఒక జబ్బు కాదు, రెండు. మిస్త్రీ ఒక్కటిగా చూస్తున్నాడు కాబట్టే పంపు అంటున్నాడు.

యాక్సిలరేటర్ తొక్కితే తేలికవుతోందంటే, ఐడ్లింగులో పంపు చాలినంత ఆయిల్ పంపడం లేదన్నమాట. ఇది ఆయిల్ వైపు జబ్బు. మలుపు తర్వాత చక్రాలు తిన్నగా రాకపోవడం వేరు. చక్రాలని తిన్నగా లాగేది పంపు కాదు. కాస్టర్ కోణం, అంటే చక్రం పక్కలకి తిరిగే పిన్ను పైభాగం వెనక్కి వాలిన వాలు, దాంతో పాటు బండి ముందుకు వెళ్లే ఊపు. ఆ లాగుడుకి ఎక్కడో ఏదో అడ్డుపడుతోంది. కొత్త పంపు వేస్తే మొదటిది కొంత తగ్గొచ్చు, రెండోది అలాగే ఉంటుంది. పైగా కొత్త పంపు బలంతో తిరుగుతున్నంతసేపు బిగుసుకున్న కింగ్‌పిన్ (చక్రం పక్కలకి తిరిగే ఇరుసు పిన్ను) సంగతి చేతికి తెలియదు. అది అలా అరిగి అరిగి ఒకరోజు ఘాట్ రోడ్డు మీద బయటపడుతుంది. నాకు భయమంతా అక్కడే.

అందుకని రూపాయి ఖర్చు లేకుండా, గంటలో అయ్యే పని ముందు చేయండి. ముందువైపు రెండు చక్రాలూ నేలని వదిలేలా లేపి, యాక్సిల్ కింద గట్టి స్టాండ్లు పెట్టండి. ఒట్టి జాకీ మీద వదిలి బండి కిందకి దూరొద్దు. పిట్‌మన్ ఆర్మ్ దగ్గర, అంటే స్టీరింగ్ బాక్సు నుంచి బయటికి వచ్చిన చేయి దగ్గర, డ్రాగ్ లింకు విప్పండి. ఆ చేయి నుంచి చక్రాలకి వెళ్లే కడ్డీయే డ్రాగ్ లింకు. మరల మీద సుత్తితో కొట్టకుండా పుల్లర్‌తో తీయండి. ఇప్పుడు స్టీరింగ్ ఒకవైపు, చక్రాలు ఒకవైపు విడిపోయాయి. ఇంజను ఆపే ఉంచండి.

ముందు చక్రం టైరుని రెండు చేతులతో పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పండి. మంచి స్థితిలో ఉన్న జీపు చక్రాలు ఒక మనిషి చేతి బలంతో నిదానంగా, ఎక్కడా తట్టుకోకుండా తిరగాలి. మొరాయిస్తే, లేదా ఒక చోట ఆగి మళ్లీ కదిలితే, జబ్బు కింద ఉంది. తర్వాత డ్రైవర్ సీట్లో కూర్చుని స్టీరింగ్ తిప్పండి. బాక్సులో ఆయిల్ ఉంది కాబట్టి కొద్దిగా బరువు తెలుస్తుంది, కానీ చుట్టంతా ఒకే బరువు ఉండాలి. అలా లేకపోతే జబ్బు కాలమ్‌లోనో బాక్సులోనో ఉంది. రెండూ తేలికగా తిరిగితే అప్పుడు పంపు వైపు చూడండి. ఈ పరీక్ష చేయకుండా మార్చే ప్రతి సామానూ చీకట్లో రాయి విసరడమే.

చక్రాల వైపు గట్టిగా ఉంటే మన ప్రాంతంలో నూటికి తొంభైసార్లు కింగ్‌పిన్నే. ఎర్రమట్టి, వానాకాలం బురద, వాగులు దాటడం. గ్రీజు నిపిల్ మీద మట్టి గట్టిపడి ఉంటుంది. గన్ను పెట్టి కొడితే గ్రీజు లోపలికి పోకుండా నిపిల్ చుట్టూ బయటికి వచ్చేస్తుంది, కుర్రాడు గుడ్డతో తుడిచేసి అయిపోయిందంటాడు. కిందటేడు లక్ష్మీపూర్ నుంచి వచ్చిన ఒక జీపుకి నిపిల్ విప్పి చూస్తే లోపల దారి మూసుకుపోయి, ఎండిన తారు ముక్కలా ఒక నల్లటి కడ్డీ బయటికి వచ్చింది. బుష్షులో గ్రీజు గాడి అరిగి నున్నగా అయిపోయింది. దానికి కూడా పవర్ స్టీరింగ్ వేయించారు, వెనక్కి రావట్లేదని నా దగ్గరికి తెచ్చారు. బుష్షులు, పిన్నులు మార్చి రీమర్ చేయించి (పిన్నుకి సరిపోయేలా రంధ్రం నున్నగా కోయించి), థ్రస్ట్ బేరింగ్ కొత్తది వేశాక పంపు ముట్టుకోకుండానే సగం సమస్య పోయింది. గ్రీజు కొట్టేటప్పుడు చక్రాలు లేపి, బరువు లేకుండా కొట్టండి. పాత గ్రీజు నల్లగా బయటికి వచ్చి వెనకాల కొత్తది కనిపించేవరకు కొట్టాలి. కొత్త బుష్షులు వేస్తే రీమర్ చేయకుండా సుత్తితో పిన్ను దింపనివ్వకండి, కొత్త సామానుతోనే మళ్లీ బిగుసుకుంటుంది.

చక్రాలు తేలికగా ఉండి కూడా బండి తిన్నగా రాకపోతే కాస్టర్ చూడాలి. మీ బండికి స్ప్రింగు పట్టీలు మార్చారా? యాక్సిల్‌కీ పట్టీకీ మధ్య ఏటవాలు ముక్క ఒకటి ఉంటుంది. అది తిరగేసి బిగించినా, ముందు పట్టీలు దిగిపోయినా కోణం తగ్గిపోతుంది. అలైన్‌మెంట్ షాపులో టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉన్న కొలత) ఒక్కటే చూసి పంపేస్తారు, కాస్టర్ కూడా చూడమని అడిగి చూపించండి. టైర్లలో గాలి, అదీ చూడండి. లోపల జనం, పైన సామాన్లు, ముందు టైర్లలో గాలి తక్కువ అంటే ఏ పవర్ స్టీరింగైనా మూలుగుతుంది.

ఇప్పుడు కాలమ్ సంగతి. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నేనే ఇక్కడ దెబ్బతిన్నాను. నా సొంత జీపుకి పవర్ బాక్సు వేసుకున్న కొత్తలో అదీ మీ బండిలాగే గట్టిగా ఉండేది. పంపు మార్చాను. మళ్లీ మార్చాను. రెండో పంపు కూడా అలాగే ఉంటే ఒక మధ్యాహ్నం ఇంజను ఆపి, డ్రాగ్ లింకు విప్పి, కళ్లు మూసుకుని స్టీరింగ్ నెమ్మదిగా తిప్పుతూ కూర్చున్నాను. ఒక పూర్తి చుట్టులో రెండుసార్లు గట్టి, రెండుసార్లు వదులు. గట్టి, వదులు, గట్టి, వదులు. చేతికి అలా తెలిశాక ఇంక పంపు ప్రసక్తే లేదు. అది యూనివర్సల్ జాయింట్ (యూజే, షాఫ్టుని వంపులో తిప్పే కీలు) సమస్య.

బొలేరో బాక్సు పాత జీపు బాక్సు కూర్చునే చోట అచ్చంగా కూర్చోదు. అందుకని షాఫ్టు కోసి, రెండు యూజేలు పెట్టి వంపు తిప్పుతారు. రెండు యూజేలూ ఒకదానికొకటి సరైన దిక్కులో ఉండాలి. మధ్య షాఫ్టుకి రెండు చివర్లా ఉన్న చెవులు ఒకే వరసలో కనిపించాలి. నా బండిలో వెల్డింగ్ చేసినప్పుడు ఒకటి పక్కకి తిరిగిపోయింది. మళ్లీ కోసి, వరస కలిపి, ఈసారి లేత్ మీద గాళ్లు కోసిన స్ప్లైన్‌తో చేయించాను. స్టీరింగ్ షాఫ్టుని ఇంట్లో వెల్డింగ్‌తో అతికించకండి బాబూ, ప్రాణాలు దాని మీదే ఉంటాయి. వంపు కూడా ఒక్కో జాయింటు దగ్గర ముప్ఫై డిగ్రీలు దాటకుండా చూడండి. షాఫ్టు చాసిస్‌కి గానీ సైలెన్సర్ పైపుకి గానీ రాసుకుంటోందేమో కూడా చూడండి, రాసుకుంటే ఆ చోట ఇనుము మెరుస్తూ కనిపిస్తుంది.

కాలమ్ బాగుంటే బాక్సు పైన ఉన్న అడ్జస్టింగ్ స్క్రూ. పాత బాక్సుకి ప్లే (చక్రాలు కదలకుండానే స్టీరింగ్ ఊగే వదులు) ఉంటుంది, కొన్నాక అమ్మినవాడో మిస్త్రీయో ఆ స్క్రూ బిగించి ప్లే తీసేశామంటారు. ప్లే పోతుంది, దాంతో పాటు తిరిగి రావడం కూడా పోతుంది. చక్రాలు తిన్నగా ఉన్నప్పుడు మధ్యలో స్టీరింగ్ పట్టేసినట్టు ఉండి, పక్కలకి తిప్పాక తేలికైతే ఇదే కారణం. లాక్ నట్టు వదులు చేసి పావు చుట్టు కంటే తక్కువ వెనక్కి తిప్పి చూడండి. ప్లే వస్తే రానివ్వండి. అరిగిన బాక్సుని స్క్రూ బాగుచేయలేదు. బాక్సు మధ్య కూడా సరిగ్గా పెట్టాలి. స్టీరింగ్ ఒక చివర నుంచి ఇంకో చివరకి ఎన్ని చుట్లో లెక్కపెట్టి, సగానికి తెచ్చి, అప్పుడు చక్రాలు తిన్నగా పెట్టి పిట్‌మన్ ఆర్మ్ వేయాలి. స్టీరింగ్ చక్రం మీద బొమ్మ తిన్నగా ఉందని ఆర్మ్ వేసేస్తే ఒకవైపు బాక్సు ముందే చివరకి వెళ్లి కొట్టుకుంటుంది. బాక్సు చివరకి రాకముందే యాక్సిల్ మీద ఉన్న స్టాపులు తగలాలి.

ఇక ఆయిల్. ఈ పంపు పనితీరు ఒక్క ముక్కలో చెప్తాను. స్టీరింగ్ తిప్పకపోయినా ఆయిల్ పంపు నుంచి బాక్సుకి, బాక్సు నుంచి డబ్బాకి తిరుగుతూనే ఉంటుంది. 1920ల్లో అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ ఈ పద్ధతి కనిపెట్టాడు, అమ్మకానికి వచ్చిన కారులో అది 1951లో క్రైస్లర్ ఇంపీరియల్‌తో మొదలైంది. మీరు స్టీరింగ్ తిప్పగానే బాక్సులో ఉన్న సన్నని టార్షన్ కడ్డీ కొద్దిగా మెలిపడి వాల్వు ఒక దారి మూస్తుంది, ఆ పక్క ప్రెజర్ లేస్తుంది. ప్రవాహం చాలకపోయినా, అందులో గాలి ఉన్నా ప్రెజర్ లేవదు. నీళ్లూ ఆయిలూ నొక్కితే నలగవు, గాలి నలుగుతుంది.

మీ డబ్బాలో నురగ ఉందంటే గాలి చేరుతోంది. డబ్బా నుంచి పంపుకి వెళ్లే పైపు ఏది వేశారు? అక్కడ ప్రెజర్ ఉండదు, పీల్చుడు ఉంటుంది. క్లిప్పు కాస్త వదులైనా ఆయిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే కారడం లేదు కదా అని అందరూ దాన్ని వదిలేస్తారు. రేడియేటర్ హోస్ ముక్క వేస్తే అది ఈ ఆయిల్‌కి ఉబ్బి మెత్తబడి లోపలికి ముడుచుకుంటుంది. ఆయిల్‌కి ఆగే హోసు, పంపు నోటికి తగిన లావు, వీలైనంత పొట్టిగా, డబ్బా పంపు కంటే ఎత్తులో. రిటర్న్ పైపు ఆయిల్ మట్టానికి పైనుంచి పడుతుంటే కూడా నురగ వస్తుంది, అది మట్టం కింద కలవాలి. డబ్బాలో జాలీ ఉంటే తీసి కడగండి. పాత సామానులో అది బురదతో మూసుకుపోయి ఉంటుంది.

గాలి తీసే పద్ధతి చాలామంది తొందరలో చెడగొడతారు. చక్రాలు లేపి, ఇంజను ఆపి, డబ్బా నింపి, స్టీరింగ్ నెమ్మదిగా ఇటు చివరకి, అటు చివరకి ఇరవైసార్లు తిప్పండి. ఒక మనిషి డబ్బా దగ్గర ఆయిల్ పోస్తూ ఉండాలి, మట్టం దిగనివ్వకూడదు. బుడగలు ఆగాక పది నిమిషాలు ఆగండి. అప్పుడు ఇంజను వేసి ఐడ్లింగులో మళ్లీ నెమ్మదిగా తిప్పండి, చివర్లో గట్టిగా నొక్కి పట్టొద్దు. చివర్లో ఐదు సెకన్లకి మించి పట్టుకుంటే పంపు కాలిపోయేంత వేడెక్కుతుంది. గులాబీ రంగు పాలలా ఉన్న ఆయిల్ మళ్లీ ఎర్రగా, అద్దంలా కావాలి. ఇంజను ఆపగానే డబ్బాలో మట్టం పైకి లేస్తే లోపల ఇంకా గాలి ఉన్నట్టే.

ఆయిల్ ఏది పోశారో రాయలేదు. ఈ రకం బాక్సులకి సాధారణంగా డెక్స్‌రాన్ రకం ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేరుబాక్సు ఆయిల్). బాక్సు మీద, డబ్బా మూత మీద రాసి ఉంటే అదే పోయండి. ఎవరైనా పొరపాటున బ్రేక్ ఆయిల్ పోసి ఉంటే సీళ్లు ఉబ్బి పాడవుతాయి, అప్పుడు కడగడంతో సరిపోదు, సీల్ కిట్టు మార్చాలి.

తర్వాత బెల్టు, పుల్లీ. మీ ఇంజనుకి ఇది పరాయి పంపు, దాని పుల్లీ కూడా పరాయిదే. నా దగ్గరికి వచ్చిన ఒక బండిలో కొలిచాను. క్రాంక్ పుల్లీ 130 మి.మీ., పంపు పుల్లీ 150 మి.మీ. ఇంజను ఐడ్లింగు 650. అంటే పంపు తిరిగేది నిమిషానికి 563 చుట్లు. పంపు మంచిదే, తిప్పేవాడే నిదానం. 115 మి.మీ. పుల్లీ వేసి, ఐడ్లింగు 750కి పెంచితే పంపు దాదాపు 850కి వచ్చింది, స్టీరింగ్ ఒక్క చేత్తో తిరిగింది. మీరూ టేపు పెట్టి రెండు పుల్లీలూ కొలవండి. బెల్టు పొడుగు వైపు మధ్యలో బొటనవేలితో నొక్కితే 10 నుంచి 12 మి.మీ. దిగాలి. చివరకి తిప్పినప్పుడు కీచుమంటే జారుతోంది. రెండు పుల్లీలూ ఒకే వరసలో ఉన్నాయో లేదో తిన్నని కడ్డీ ఆనించి చూడండి. పంపుని బ్రాకెట్ మీద వెనక్కి తిప్పి బిగిస్తే అది తప్పు దిక్కులో తిరుగుతుంది, అప్పుడు అసలు సాయమే రాదు. మీకు ఎంతో కొంత వస్తోంది కాబట్టి ఆ అనుమానం అక్కర్లేదు. ప్రెజర్, రిటర్న్ పైపులు తారుమారు అయ్యాయేమో మాత్రం బాక్సు మీద గుర్తులు చూసి నిర్ధారించుకోండి. తారుమారైతే పై సీలు దగ్గర కారడం మొదలవుతుంది. రిటర్న్ పైపు ఎక్కడైనా మడతపడినా, దాని బాంజో బోల్టులో ఆయిల్ పోయే రంధ్రం చిన్నదైనా స్టీరింగ్ వెనక్కి రాదు. వెనక్కి రాకపోవడానికి ఆయిల్ వైపు ఉన్న ఒక పెద్ద కారణం ఇది, అందుకే విడిగా చెప్తున్నాను. ప్రెజర్ పైపు మాత్రం క్రింపింగ్ చేసిన హై ప్రెజర్ హోసే. క్లిప్పు వేసిన మామూలు రబ్బరు పైపు పగిలితే వేడి సైలెన్సర్ మీద ఆయిల్ పడి మంట లేస్తుంది.

ఇన్నీ అయ్యాక కూడా గట్టిగా ఉంటేనే గేజి. లారీ పవర్ స్టీరింగ్ పని చేసేవాళ్ల దగ్గర వాల్వు ఉన్న ప్రెజర్ గేజి ఉంటుంది, సాలూరు లారీల ఊరు కాబట్టి అక్కడ అడగండి. పంపుకీ బాక్సుకీ మధ్య పెట్టి, ఇంజను ఐడ్లింగులో వాల్వు మూసి, ఐదు సెకన్లలోపు చూసి తెరిచేయాలి. ఈ తరహా చిన్న బండ్ల పంపులు సాధారణంగా 70 నుంచి 100 బార్ మధ్య చూపిస్తాయి. పంపు మీద అంకె ఉంటే దాన్నే నమ్మండి. వాల్వు మూసినప్పుడు రాకపోతే పంపు, లేదా దాని కంట్రోల్ వాల్వులో మురికి. ఆ కంట్రోల్ వాల్వు విప్పి శుభ్రం చేసి మళ్లీ చూడండి. మూసినప్పుడు వచ్చి, వాల్వు తెరిచి స్టీరింగ్ చివరకి తిప్పినప్పుడు రాకపోతే బాక్సు లోపల కారిపోతోంది. అప్పుడు మిస్త్రీ మాట ప్రకారం పంపు మార్చి ఉంటే డబ్బు వృథా అయ్యేది.

బావగారి మారుతి 800 సంగతి. ఎలక్ట్రిక్ స్టీరింగ్‌కి ఆయిల్ లేదు, కరెంటే ప్రాణం. నిలబెట్టి తిప్పినప్పుడు మోటారు చాలా కరెంటు లాగుతుంది. సన్నని వైరు, తుప్పుపట్టిన ఎర్తు, పాత బ్యాటరీ ఉంటే వోల్టేజి పడిపోతుంది, దాన్ని నడిపే కంట్రోల్ పెట్టె సాయం తగ్గించేస్తుంది. స్టీరింగ్ తిప్పుతూ పెట్టె దగ్గరే మీటర్ పెట్టి చూడమనండి. బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు, దానికి తగిన ఫ్యూజు, ఇంజనుకీ బాడీకీ శుభ్రమైన ఎర్తు. స్పీడు సిగ్నల్, ఇంజను నడుస్తోందన్న సిగ్నల్ ఇవ్వకుండా వేస్తే కూడా పెట్టె సరిగ్గా పనిచేయదు.

ఒక మాట నాన్నగారికి తప్పకుండా చెప్పండి. మన ఘాటీల్లో డీజిల్ కలిసొస్తుందని ఇంజను ఆపి న్యూట్రల్లో దింపే అలవాటు పాత డ్రైవర్లకి ఉంది. పవర్ స్టీరింగ్ వేశాక అది ఇక పనికిరాదు. ఇంజను ఆగితే పంపు ఆగుతుంది, మలుపు మధ్యలో స్టీరింగ్ ఒక్కసారిగా బరువెక్కుతుంది, భుజం నొప్పి ఉన్న మనిషికి ఆ క్షణంలో తిప్పడం కష్టం. బ్రేకుకి వ్యాక్యూమ్ బూస్టర్ ఉంటే అదీ రెండు తొక్కుళ్లతో అయిపోతుంది. గేరులోనే దింపమనండి. బెల్టు తెగినా ఇదే పరిస్థితి, అందుకని ఖాళీ మైదానంలో ఒకసారి ఇంజను ఆపి, నెమ్మదిగా దొర్లుతున్న బండిలో తిప్పి ఆ బరువు ఎంతో ఆయన చేతికి తెలియనివ్వండి. తాళంచెవి మాత్రం పూర్తిగా వెనక్కి తిప్పకూడదు, స్టీరింగ్ లాక్ ఉంటే పడిపోతుంది.

చివరగా బాక్సు బిగించిన చాసిస్. పాత జీపు చాసిస్ ఈ బాక్సు బలానికి చేసింది కాదు. బండి నేల మీద పెట్టి, ఇంజను నడుస్తుండగా ఒకరు స్టీరింగ్ చిన్నగా అటూ ఇటూ ఊపాలి, మీరు బయట నిలబడి టార్చి వేసి బాక్సు చూడండి. చక్రాల కంటే ముందు బాక్సు కదులుతుంటే చాసిస్ వంగుతోంది. బోల్టు రంధ్రాల చుట్టూ రంగు పగిలి సన్నని తుప్పు గీత కనిపిస్తే అది చీలిక. ఆ గీత మీద పైపైన వెల్డింగ్ పెట్టించి వదిలేయకండి. బాక్సు దింపి, లోపలా బయటా ప్లేటు వేసి, రెండు చాసిస్ పట్టీలనీ కలిపే అడ్డ పైపు పెట్టించి మళ్లీ బిగించండి. 500 కిలోమీటర్లు తిరిగాక ఆ బోల్టులు ఒకసారి టార్క్ చూసి, అదే టార్చితో ఆ రంధ్రాల చుట్టూ మళ్లీ చూడండి. డ్రాగ్ లింకు విప్పినప్పుడు చక్రాలు ఎలా తిరిగాయో, రెండు పుల్లీల కొలతలు ఎంతో రాయండి. మిగతాది అవి చూసి చెప్తాను.